ఠాణా తప్పుకు జవాబుదారీ ఎవరు?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వకీలును కాను, పంతులును. కాని మన బస్తీల్లో ఇంటింటా వినబడే ఒక ప్రశ్న ఉంది. పోలీసులు తప్పుగా పట్టుకుపోతే సర్కారు మీద దావా వేయవచ్చునా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు.

ఖలీఫా హజ్రత్ అలీ ఒక కవచం తనదని ఖాజీ ముందుకు వెళ్ళారని, తగిన సాక్ష్యం లేదని ఖాజీ ఆయనకు వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చారని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఇంగ్లీషువారి పాత సూత్రం దీనికి తలక్రిందులు. రాజు తప్పు చేయడు, అతని మీద దావా లేదు! కంపెనీ కాలంనుంచి వచ్చిన ఆ వాసన మన రాజ్యాంగం 300వ అధికరణంలో కొంత మిగిలింది.

1947లో అమృత్‌సర్ బంగారు వ్యాపారి ఒకరిని మీరట్‌లో పోలీసులు పట్టుకున్నారు. ఠాణాలో పెట్టిన బంగారంతో హెడ్ కానిస్టేబులు పాకిస్తాన్ పారిపోయాడు. 1964లో సుప్రీంకోర్టు, పోలీసుల నిర్లక్ష్యం నిజమే గాని, అరెస్టు, జప్తు రాజ్యాధికారపు పనులు గనుక సర్కారు సొమ్ము కట్టనక్కరలేదన్నది. ఇదే కస్తూరీలాల్ కేసు.

తరువాత గాలి మారింది. ఒరిస్సాలో ఠాణాలో కొడుకును పోగొట్టుకున్న నీలాబతీ బెహరా అనే తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. 1993లో కోర్టు ఆమెకు లక్షన్నర రూపాయలు ఇప్పించింది. ప్రాణానికి సంబంధించిన హక్కు ముందు ఆ పాత కవచం పనికిరాదన్నది. మన రాష్ట్రపు కేసూ ఉంది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు పడ్డాయి. చల్లా చిన్నపరెడ్డి చనిపోయారు, కొడుకు రామకృష్ణారెడ్డి గాయపడ్డారు. ప్రాణభయం ఉందని వారు ముందే చెప్పుకున్నా వినలేదు. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇప్పించగా, 2000లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

మరి మక్కా మసీదు సంగతి? 2007 మే 18న పేలుడు జరిగాక మన పిల్లలను ఎందరినో పట్టుకున్నారు. నిర్దోషులుగా బయటపడ్డవారికి 3 లక్షలు, విచారించి వదిలినవారికి 20 వేలు చొప్పున 2012లో ప్రభుత్వం చెక్కులిచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం రాదన్నది.

ఈ తేడా ఎక్కడుందో గ్రహించండి. ఎవరిని అనుమానించాలి, ఏ ఇల్లు సోదా చేయాలి అన్నది అధికారి విచక్షణ. మంచి మనసుతో పొరపాటు పడితే కోర్టు త్వరగా చేయి వేయదు. పోలీసులకు ఆ మాత్రం వెసులుబాటు లేకపోతే దొంగను పట్టేదెవరు? కాని కొట్టడం, 24 గంటలు దాటినా మేజిస్ట్రేటు ముందు పెట్టకపోవడం, ఖైదీ ప్రాణం కాపాడకపోవడం విచక్షణ కింద రావు. అక్కడ సర్కారు జవాబు చెప్పవలసిందే.

అందుచేత నా మనవి. పిల్లవాణ్ణి తీసుకుపోతే రోడ్డుమీద గుంపు కూడవద్దు. ఏ ఠాణా, ఏ గంట, ఎవరు వచ్చారు అన్నది వెంటనే రాసుకోండి. అరెస్టు మెమో అడగండి. జప్తు చేసిన వస్తువుకు పంచనామా నకలు అడగండి. దెబ్బలుంటే మేజిస్ట్రేటుకు చూపి డాక్టరు చీటీ దాచండి. అక్రమ నిర్బంధం మీద దావాకు విడుదలైన నాటినుంచి గడువు ఏడాదే. దావాకు ముందు సర్కారుకు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. హక్కుల భంగమైతే నేరుగా హైకోర్టులో రిట్ వేయవచ్చు. నిర్బంధంలో ఉన్నవారికి, ఆడవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. సిగ్గుపడకుండా అడగండి.

బిడ్డ ఇంటికి వచ్చాడు, చాలులే అని ఊరుకుంటే ఆ ఏడాది ఇట్టే గడచిపోతుంది. ఆ తరువాత ఎంత ఏడ్చినా కోర్టు తలుపు తెరుచుకోదు. మన సంఘంలో చదువుకున్న కుర్రవాళ్ళు ఇద్దరైనా ఇలాంటి కుటుంబాలకు అర్జీలు రాసిపెట్టే పని ఈ ఏడు నెత్తిన వేసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్. జై హింద్.