గుండె రాతలో చిన్న అల
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లము కాము, ఉర్దూ పంతుళ్లము. అయినా ఇ.సి.జి. కాగితం చదవడం మా ఇంట్లో తగిలిన దెబ్బ వల్ల కొంత నేర్చుకోవలసి వచ్చింది.

ఆ రాతలోని అలలకు పి, క్యు, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టినవారు హాలెండు దేశపు ఐంథోవెన్. 1924 నోబెల్ బహుమతి ఆయనదే. మన ఉర్దూలా కాక ఈ రాత ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. నిటారుగా లేచిన పెద్ద ముల్లు అందరి కంటా పడుతుంది. దానికి ముందుండే చిన్న గుట్ట పేరు పి. గుండె పై గదులలో కరెంటు పాకిన గుర్తు అది. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడిస్తే చిన్న గడి 0.04 సెకను. పి మూడు గడుల లోపు ముగియాలి. వెడల్పై, నెత్తిన నొక్కు పడితే ఎడమ పై గది బరువు మోస్తున్నదేమోనని అనుమానించాలి. గొంతునొప్పి వెంట వచ్చే కీళ్లవాతపు జ్వరం ఎక్కువగా చెరిపేది ఆ గది కింది కవాటాన్నే.

పి బదులు రంపపు పళ్లు కనబడటం ఒక జబ్బు. పళ్లు కూడా లేక గీత వణుకుతూ, ముళ్ల నడుమ ఎడం ఏ లెక్కకూ అందకపోతే పై గదులు ముడుచుకోవడం మాని వణుకుతున్నాయన్నమాట. అక్కడ నిలిచిన నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. నుక్తా పైనుంటే ఖుదా, కిందికి దిగితే జుదా అని పిల్లలకు చెబుతాము గదా, ఇక్కడా తేడా అంత చిన్నదే.

చిక్కేమంటే ఈ వణుకు కొందరికి వచ్చి పోతుంటుంది. మా ఖాలాకు చర్లలో దడ పుట్టినప్పుడు కాగితం తీశారు. భద్రాచలం మీదుగా ఖమ్మం చేరేసరికి దడ తగ్గింది, కొత్త కాగితం చక్కగా వచ్చింది. పాతదేదని డాక్టరుగారు అడిగారు. దానిలో ఆమె వక్కలు పొట్లం కట్టింది మేమే, బస్సులో పారేసిందీ మేమే. నాలుగు నెలలకు ఖాలా కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మమ్మల్ని నోరారా పిలిచేది, ఇప్పుడు కళ్లతోనే పిలుస్తుంది.

ఆ కాగితం దొరికి ఉంటే నెత్తురు గడ్డకట్టని మందు అప్పుడే మొదలయ్యేదేమో. కవాటం సన్నబడినవారికి నేటికీ వార్ఫరిన్ మాత్రే వాడుతున్నారు. దాని రక్తపరీక్ష తప్పించరాదు. మిషను తానే 'నార్మల్' అని అచ్చు వేసినా డాక్టరుకు చూపించండి.

వేడితో అచ్చయ్యే ఆ కాగితం కాలం గడిస్తే వెలిసిపోతుంది. తేదీ, వేళ, అప్పుడు ఏమనిపించిందో రాసి జిరాక్సు తీయించండి. సభ అయ్యాక వాకిలి దగ్గర బల్ల వేసుకుని ఉంటాము. పాత కాగితాలు తెచ్చినవారు ఇవ్వండి, జిరాక్సు ఖర్చు సొసైటీ పెట్టుకుంటుందని అధ్యక్షులవారు ఒప్పుకున్నారు.