పూతకు అమ్మాలా? కాయకు అమ్మాలా?

విద్యార్థులారా! మామిడి తోట పెంచడం ఒక ఎత్తు, కాపును అమ్ముకోవడం మరో ఎత్తు. ఈనాడు ఆ రెండో విషయం తెలుసుకుందాం.

ఎకరం బంగినపల్లి తోట ఉన్న చిన్న రైతును తీసుకుందాం. చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్ల ఎడం ఇస్తే ఎకరానికి సుమారు 40 చెట్లు పడతాయి. పూత చూసి వ్యాపారి వస్తాడు. తోట మొత్తానికి ఒక ధర కట్టి బయానా ఇస్తాడు. ఆ తర్వాత గాలివానకు పిందె రాలితే నష్టం వ్యాపారిది, కాపు విరగకాస్తే లాభమూ అతనిదే. చేతిలో పెట్టుబడి లేని రైతు ఆ బయానాను కాదనలేడు.

కాయకే అమ్మదలచిన రైతుకు అసలు పరీక్ష కోతలో ఉంది. సీజన్ మొదట్లో ధర ఎక్కువని లేత కాయ కోస్తే, అది మాగినా తీపి రాదు. కాయ భుజాలు తొడిమను మించి ఉబ్బాక, చిక్కంతో, కొంత తొడిమ ఉంచి కోయాలి. తొడిమ ఊడితే సొన కారి తోలుపై మచ్చలు పడతాయి, ధర తగ్గుతుంది.

ఇక మాగబెట్టడం. కాల్షియం కార్బైడ్‌కు తడి తగిలితే ఎసిటిలీన్ వాయువు వెలువడి కాయ రంగు మారుతుంది. అయితే కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం మలినాలు ఉంటాయి. అందుకే పండ్లకు దాని వాడకాన్ని చట్టం నిషేధించింది. ఇథిలీన్ మాత్రం కాయలో సహజంగా పుట్టే వాయువే. దాన్ని 100 పీపీఎం మించకుండా వాడవచ్చు.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు నిలిచేది పక్వానికి వచ్చిన కాయతోనే.

మీకు తెలిసిన తోట ఉంటే పూత ధర, కాయ ధర, కోత కూలి, రవాణా ఖర్చు అడిగి రాసుకోండి. రైతుకు ఏది మేలో లెక్క కట్టి చూడండి.