తాతకు సమాధులైన మనుషులు

నాలుగు వైపులా దక్షిణాఫ్రికా చుట్టుముట్టి ఉన్న చిన్న కొండల రాజ్యం లెసోతో. అక్కడా, సరిహద్దుకు ఆవల దక్షిణాఫ్రికాలోని ఫ్రీ స్టేట్‌లోనూ ఉండే బసోతో జనానికి పరమదైవం మొదిమో. ఆయనకు గుడి లేదు, విగ్రహం లేదు. ఆయన చాలా దూరాన ఉంటాడు. ఇంటి కష్టం చెప్పుకోవాలంటే బదిమోకు, అంటే చనిపోయిన తమ పెద్దలకు, మొక్కుకోవాలి. ఈమధ్య పోయిన తండ్రికి మొరపెట్టుకుంటే ఆయన తన పెద్దలకు చెబుతాడు, వాళ్లు ఇంకా పాతవాళ్లకు చెబుతారు. అలా తరతరాలు దాటి ఆ మొర పైకి చేరుతుంది.

మొదటి మనుషులు తూర్పున న్త్స్వానాత్సాత్సి అనే చోట, రెల్లు పెరిగిన మడుగులోంచి పైకి వచ్చారని వాళ్ల పురాణం. అందుకే పూర్వం బిడ్డ పుట్టిన ఇంటికి గుర్తుగా రెల్లు గుచ్చేవారు. చనిపోయినవారిని మోకాళ్లు ముడిచి కూర్చోబెట్టి, ముఖం తూర్పుకు తిప్పి పాతిపెట్టేవారు. ఇంటి పెద్ద అయితే పశువుల దొడ్లోనే పాతేవారు. పెళ్లికి ఇచ్చేది పశువులే, పెద్దలకు బలి ఇచ్చేదీ పశువులే. చచ్చిపోయినా ఆయన తన మంద మధ్యనే, తన వాళ్ల మధ్యనే ఉండేవాడు.

సమాధిని అంత పవిత్రంగా చూసే ఆ సమాజంలో, 1824 ప్రాంతంలో జరిగిన సంగతి చెబుతాను. యుద్ధాలూ, వలసలూ, కరువూ ఆ నేలను కుదిపేస్తున్న రోజులు. మొష్వేష్వే అనే నాయకుడు తన వాళ్లను బూతా బూతే నుంచి తాబా బోసియు అనే కొండకు తరలిస్తున్నాడు. దారిలో వెనకబడిపోయిన ముసలి తాత పేటెను నరమాంసం తినేవాళ్లు పట్టుకుని తినేశారు. తర్వాత వాళ్లు మొష్వేష్వేకు చిక్కారు. చంపేయాలన్నారు జనం. ఆయన ఒప్పుకోలేదు. తాత వీళ్ల కడుపుల్లో ఉన్నాడు, కాబట్టి వీళ్లే ఆయనకు సమాధులు, పెద్దల సమాధి మీద చెయ్యి వేయకూడదు అన్నాడు. అనడమే కాదు, సమాధికి చేయవలసిన శుద్ధి వాళ్ల ఒంటి మీదే చేయించాడు. ఆ తర్వాత వాళ్లను తన ప్రజల్లో కలుపుకున్నాడు.

ఇది గొప్ప రాజనీతి అని చరిత్రకారులు మెచ్చుకుంటారు. నిజమే. కానీ ఆవేశంతో ఉన్న జనం ఆ మాటకు తలవంచారంటే, అది వాళ్ల సొంత నమ్మకంలోంచి పుట్టిన మాట కాబట్టే అని నేను గట్టిగా అనుకుంటాను. మొష్వేష్వేకు యువకుడిగా ఉన్నప్పుడు దారి చూపిన మొహ్లోమి కూడా ఆ సంప్రదాయంలోని వాడే. నాయకుడు, వైద్యుడు, వాన కురిపించేవాడని పేరు. చేతబడి నెపంతో మనుషులను చంపడాన్ని ఆయన అడ్డుకున్నాడు. రాజ్యం దక్కించే మందు ఏదీ లేదని, మనసే ఆ మందు అని బోధించాడని చెప్పుకుంటారు.

1833లో పారిస్ క్రైస్తవ మిషన్ నుంచి కసాలిస్, అర్బూసె, గోసెలాన్ అనే ముగ్గురు వచ్చారు. బోధకులు కావాలని కబురు పంపింది మొష్వేష్వేనే. వాళ్లు మొరీజాలో స్థిరపడ్డారు. మొదిమో పేరును తమ దేవుడికి తీసుకున్నారు, బదిమోను మాత్రం వదిలేయమన్నారు. రాజు ప్రసంగాలు విన్నాడు, ప్రశ్నలు వేశాడు, ఏళ్ల తరబడి తూకం వేసుకున్నాడు. చివరికి బాప్తిస్మానికి రోజు కుదిరింది. ఆ రోజు రాకముందే, 1870 మార్చి 11న కన్నుమూశాడు.

అదే ఏడాది బాప్తిస్మం పుచ్చుకున్న ప్రవక్త మంత్సోపా. బ్రిటిష్ సేనల మీద బసోతోలు గెలుస్తారని 1850ల తొలినాళ్లలో ముందే చెప్పిందని ఆమెకు కీర్తి. మోడర్‌పోర్ట్‌లోని ఆమె సమాధికి యాత్రికులు ఇప్పటికీ వెళ్తారు. బైబిల్ పట్టుకునే వెళ్తారు, అక్కడ పెద్దలనూ తలుచుకుంటారు. క్రైస్తవ ప్రార్థనలతో జరిగే అంత్యక్రియల్లోనూ పోయినవారి కోసం ఎద్దును కోసే ఇళ్లు ఎన్నో.

అయితే మోడర్‌పోర్ట్, క్లారెన్స్ దగ్గరి మోటౌలెంగ్ గుహ, మౌత్సె లోయ, ఇలాంటి పుణ్యస్థలాలన్నీ డచ్ సంతతి వలసదారులైన బోయర్లతో యుద్ధాల తర్వాత బసోతోల చేజారిన వైపున ఉన్నాయి. 1869 ఒప్పందంతో ఆ నష్టం ఖాయమైంది. అలా పోయిన నేల చాలావరకు ప్రైవేటు పొలాలైంది. మౌత్సె లాంటి చోట్ల తాతముత్తాతలకు మొక్కుకోవడానికి వచ్చినవాళ్లు పొలం యజమాని గేటు తీస్తేనే లోపలికి పోగలరు. ఆ దారి వాళ్లకు హక్కుగా దక్కాలి.