రక్తంలో ఇనుము: వంశపారంపర్య దోషాలు, తల్లిదండ్రుల బాధ్యత



బిడ్డ ముఖం పాలిపోయి, నాలుగడుగులు వేయగానే ఆయాసపడితే ‘ఒంట్లో రక్తం లేదు’ అంటారు పెద్దలు. ఆ సాయంత్రానికే ఇంటికి ఇనుము టానిక్కు వస్తుంది. మన దేశంలో రక్తహీనతకు ఇనుము కొరతే ప్రధాన కారణం కనుక చాలామందికి ఆ మందు మేలు చేస్తుంది. అయితే పాలిపోయిన ప్రతి ముఖానికీ కారణం అదే కాదు. కొన్ని కుటుంబాలలో దోషం తిండిలో ఉండదు, తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులో ఉంటుంది. అటువంటి బిడ్డలకు ఇనుము చాలకపోవడం వల్ల కాక, మితిమీరడం వల్ల ప్రాణాపాయం కలుగుతుంది. ఈ భేదాన్ని గ్రహించడమే నేటి ప్రసంగానికి విషయం.

ఆరోగ్యవంతుని దేహంలో ఉండే ఇనుము 3 నుండి 4 గ్రాములు మాత్రమే. అందులో సుమారు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్‌లో ఉండి ప్రాణవాయువును మోయడానికి తోడ్పడుతుంది. ఆహారం నుండి పేగులు దినమునకు 1 లేక 2 మిల్లీగ్రాములనే గ్రహిస్తాయి. అధికమైన ఉప్పును మూత్రపిండాలు వెలుపలికి పంపగలవు గాని, అధికమైన ఇనుమును పంపివేసే మార్గం దేహానికి లేదు. అందువల్ల కట్టడి అంతా ప్రవేశద్వారం వద్దనే జరగాలి. కాలేయంలో ఉత్పత్తి అయ్యే హెప్సిడిన్ అనే హార్మోను ఆ కాపలా కాస్తుంది.

ఈ కాపలా పుట్టుకతోనే సడలిన వ్యాధి హీమోక్రొమటోసిస్. ఇది ఉత్తర ఐరోపా సంతతిలో అధికం. దానికి ముఖ్య కారణమైన హెచ్.ఎఫ్.ఇ. జన్యువును 1996లో కనుగొన్నారు. ఏళ్ల తరబడి పేరుకొన్న ఇనుము కాలేయాన్ని, గుండెను, కీళ్లను చెరుపుతుంది, మధుమేహాన్ని తెస్తుంది. క్రమం తప్పక కొంత రక్తాన్ని తీసివేయడమే దీనికి చికిత్స. ఈ జన్యుదోషం మన దేశంలో అరుదు.

మన ఇళ్లకు చేరువైనది తలసేమియా. 1925లో అమెరికా వైద్యుడు థామస్ కూలీ ఈ వ్యాధిని వర్ణించాడు. ఇందులో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాదు. తీవ్రరూపం గల బిడ్డకు సాధారణంగా రెండేళ్లు నిండకముందే లక్షణాలు కనిపిస్తాయి. అప్పటినుండి రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఒక్కొక్క యూనిట్ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము దేహంలో చేరుతుంది. ఇరవై యూనిట్లు ఎక్కేసరికి 4 గ్రాములు పోగవుతుంది. బ్రతికించే రక్తమే ఈ విధంగా భారమవుతుంది. ఎదుగుదల కుంటుపడుతుంది, యుక్తవయస్సు ఆలస్యమవుతుంది, చివరకు గుండె దెబ్బతింటుంది. ఇనుమును వెలికిదీసే డెఫెరాక్సమిన్ సూదిమందు, డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ మాత్రలు నేడు అందుబాటులో ఉన్నాయి. ఫెరిటిన్ పరీక్షతో నిల్వను గమనిస్తూ, మందు మానకుండా వాడిన పిల్లలు పెద్దవారై చదువులు, ఉద్యోగాలు సాగిస్తున్నారు.

దోషజన్యువు ఒక్కటే ఉన్నవారిని వాహకులంటారు. వీరు రోగులు కారు. హిమోగ్లోబిన్ కొద్దిగా తగ్గి, రక్తకణాలు చిన్నవిగా ఉంటాయి. ఇనుము కొరత అని పొరబడి ఏళ్ల తరబడి టానిక్కులు తాగేవారిలో వీరూ ఉంటారు. ఫెరిటిన్ పరీక్ష, హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష ఈ సందేహాన్ని చాలావరకు తీరుస్తాయి. వాహకులకు నిజంగా ఇనుము కొరత కూడా ఉండవచ్చు. కనుక ఎవరూ తమంతట తాము మందు మొదలుపెట్టరాదు, మానరాదు. బడిలో వారానికొకసారి ఇచ్చే మాత్ర సామాన్యంగా పిల్లలందరికీ మేలే. తరచుగా రక్తం ఎక్కించుకొనే బిడ్డ విషయం మాత్రం ఉపాధ్యాయులకు ముందుగా తెలియజేయాలి.

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు తీవ్రవ్యాధి భయం ఉంటుంది. ఒక్కరే వాహకులైతే ఆ భయం లేదు. ఒడిశాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఒకే తాతగారి నుండి దిగివచ్చిన దోషం మేనత్త కొడుకులోనూ, మేనమామ కూతురిలోనూ కలుసుకొనే అవకాశం అధికం. ఈ రాష్ట్రంలో సికిల్ సెల్ దోషమూ విస్తారంగా ఉన్నది. ఒకరి నుండి అదీ, మరొకరి నుండి తలసేమియా దోషమూ సంక్రమించినా బిడ్డ రోగగ్రస్తమవుతుంది. హెచ్.పి.ఎల్.సి. అనే రక్తపరీక్ష రెండింటినీ పట్టి చూపుతుంది. సైప్రస్ దీవి 1970ల నుండి వివాహపూర్వ పరీక్షలు ప్రవేశపెట్టి, వ్యాధితో పుట్టే శిశువులను దాదాపు లేకుండా చేసుకొన్నది.

బిడ్డకు జబ్బు వస్తే కోడలి జాతకాన్ని నిందించడం అన్యాయం. ఈ వ్యాధికి ఇరుపక్షాల జన్యువులూ కారణం. వాహకురాలైన పిల్లకు పెళ్లి కాదన్న భయం కూడా అర్థం లేనిది. వాహకుడు కాని వరునితో ఆమె సంసారం నిశ్చింతగా సాగుతుంది. ఇద్దరూ వాహకులని వివాహానంతరం తెలిసినా, గర్భం ధరించిన తొలి నెలలలోనే శిశువును పరీక్షించే సదుపాయం ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి కూడా చేరాయి. రక్తమార్పిడి కోసం బడి మానిన విద్యార్థిని సోమరి అని కాక, హక్కుగల విద్యార్థి అని చూడవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.

జాతకాలు చూపించడానికి వెచ్చించే శ్రద్ధలో కొంత ఒక చెంచాడు రక్తం పరీక్షకు కేటాయించండి. ముహూర్తం పెట్టుకొనక ముందే ఆ కాగితం చేతిలో ఉండాలి.