క్లచ్ పెడలు కిర్రుమంటే

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

కుక్కరు వాషరు సంగతో, కుట్టు మిషను బెల్టు సంగతో చెబుతుందనుకుంటే ఈవిడ కారు క్లచ్ గురించి మొదలుపెట్టిందేమిటా అని ఆశ్చర్యపోకండి. ఈ రోజుల్లో మనలో చాలామంది కారు నడుపుతున్నాం. నడపడం అయితే నేర్చుకున్నాం గాని, అది మూలిగితే ఎందుకు మూలుగుతోందో తెలుసుకునే పని మాత్రం మగవాళ్లకూ, మెకానిక్కులకూ వదిలేశాం. కిందటేడు వేసవి దాకా నేనూ అలా వదిలేసినదాన్నే.

మాది 2006 నాటి మారుతీ 800. 1983 చివర్లో మొదలై, 2014లో తయారీ ఆగిపోయిన బండి. మా వారి ఉద్యోగం ఒంగోలులో, ఆదివారాలు వచ్చి వెళుతుంటారు. మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ స్వాధీనం తప్పాక, వారానికి మూడు రోజులు ఆవిణ్ణి ఫిజియోథెరపీకి తీసుకువెళ్లడం నా వంతయింది. విజయవాడ ఎండలో ఆవిణ్ణి ఆటో ఎక్కించి దించడం ఎంత ప్రయాసో పడ్డవాళ్లకే తెలుస్తుంది. అంచేత ఆ పాత కారే మాకు దిక్కు.

అలాంటిది ఒకరోజు క్లచ్ నొక్కితే కిర్రు, వదిలితే కిర్రు! అచ్చం ఉయ్యాలబల్ల గొలుసు చప్పుడు. “నాకంటే నీ కారే ఎక్కువ మూలుగుతోందే అమ్మాయీ” అన్నారు అత్తయ్యగారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బెంజి సర్కిలు దగ్గర ట్రాఫిక్ మధ్యలో పెడలు ఊడి చేతికొస్తే ఆవిణ్ణి ఏం చెయ్యాలి?

ఇంటికి దగ్గర్లో ఉన్న షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి కుర్రవాడు బానెట్ కూడా ఎత్తలేదు. పెడలు రెండుసార్లు తొక్కి, “క్లచ్ పోయిందమ్మా. గేరుబాక్సు దించాలి. ప్లేటూ, ప్రెషరు ప్లేటూ, బేరింగూ సెట్టంతా మార్చాలి. రెండ్రోజులు వదిలెయ్యండి, 6,000 అవుతుంది” అన్నాడు. డబ్బు మాట అటుంచండి, ఆ రెండు రోజుల్లో ఒకటి అత్తయ్యగారి వ్యాయామం రోజు. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను.

మా పక్కింటి బాబాయిగారు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఆయన కారు దగ్గరకు కూడా రాలేదు, అరుగుమీద కూర్చునే ఒక్క ప్రశ్న అడిగారు. “ఇంజను ఆపి నొక్కి చూశావా అమ్మా?”

చూడలేదు. చూస్తే, ఇంజను ఆపినా అదే కిర్రు!

“అయితే నీ బేరింగు నిక్షేపంలా ఉండి ఉంటుంది పో” అన్నారాయన. ఆ మాటలోని కిటుకు నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మనం పెడలు నొక్కితే ఒక తీగ, అంటే కేబులు, ఇంజను వైపు ఉన్న చిన్న లివరును లాగుతుంది. ఆ లివరు లోపల ఉన్న రిలీజు బేరింగును నెడుతుంది. ఆ బేరింగు తిరిగేది ఇంజను తిరుగుతున్నప్పుడే. అది అరిగితే, ఇంజను నడుస్తూ ఉండగా పెడలు నొక్కినప్పుడు కీచుమనో, గరగరమనో మోత వస్తుంది, ఇంజను ఆపగానే ఆ మోతా పోతుంది. అలా వస్తే మాత్రం గేరుబాక్సు దించక తప్పదు, అది మన పని కాదు. న్యూట్రల్‌లో ఉంచి పెడలు వదిలినప్పుడు మోత వచ్చి, నొక్కగానే ఆగిపోతోందనుకోండి, అది గేరుబాక్సు లోపలి బేరింగు సంగతి. అదీ మన పని కాదు.

ఇంజను ఆపి ఉన్నా కిర్రుమంటోందంటే, కదిలే చోట ఎక్కడో తడి ఆరిందన్నమాట. పెడలు వేలాడే ఇరుసు కావచ్చు, దాని స్ప్రింగు కావచ్చు, కేబులు కావచ్చు, అవతలి లివరు కావచ్చు. ఎక్కడన్నది పట్టుకోవడానికి ఇద్దరుంటే చాలు. కారు సమంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. కాలికింద పట్టా కూడా తీసేశాను. ఒక్కోసారి ఆ పట్టా రాసుకునీ చప్పుడొస్తుందట. మా అమ్మాయి చేత్తో పెడలు నొక్కుతుంటే నేను బానెట్ ఎత్తి లివరు దగ్గర చెవిపెట్టాను. అక్కడ నిశ్శబ్దం. తరువాత నేను టార్చిలైటు పుచ్చుకుని స్టీరింగు కింద తలదూర్చి పడుకున్నాను. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని ఆ భంగిమలో నన్ను చూసి పాలబ్బాయి గేటు దగ్గరే ఆగిపోయాడు, అది వేరే సంగతి. పెడలు పైచివర ఇరుసు మీద వేలు ఆనిస్తే, కిర్రుమన్నప్పుడల్లా వేలికి సన్నగా అదురు తెలిసింది. దొంగ దొరికాడు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ఇంట్లో కుట్టు మిషను నూనె ఉంది కదా అని నాలుగు చుక్కలు వేశాను. కిర్రు మాయం! మూడో రోజున మళ్లీ ప్రత్యక్షం. బాబాయిగారు నవ్వి, “పల్చటి నూనె కారిపోతుందమ్మా. ఎడ్లబండి ఇరుసుకు ముద్దగా కందెన పెట్టేవాళ్లు గాని నీళ్లలాంటి నూనె పోసేవాళ్లా?” అన్నారు. తుప్పు వదిలించే స్ప్రే కూడా అంతేనట, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. బజారు నుంచి చిన్న డబ్బా తెల్ల లిథియం గ్రీజు తెప్పించి, పాత మడ్డి గుడ్డతో తుడిచి, వేలితో ఇరుసుకు రెండువైపులా పట్టించి, పెడలు ఇరవై ముప్పైసార్లు నొక్కి వదిలాను. అరగంట పని. ఆ చప్పుడు మళ్లీ వినలేదు.

గ్రీజు పెట్టేటప్పుడు ఒకటి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. పెడలు మీద రబ్బరుకు గ్రీజు అంటితే కాలు జారుతుంది, అయ్యాక సబ్బు గుడ్డతో తుడవాలి. పక్కనే ఉన్న బ్రేకు పెడలు జోలికి వెళ్లకూడదు. లివరు దగ్గర చప్పుడని, కనబడిన కంతలోంచి నూనె పొయ్యకూడదు. అది క్లచ్ ప్లేటుకు తగిలితే పట్టు జారిపోయి, నిజంగానే సెట్టు మార్చాల్సి వస్తుంది. పెడలు పక్కలకు వదులుగా ఊగుతుంటే లోపలి బుష్ అరిగిందన్నమాట, దానికి ఎంత గ్రీజు పెట్టినా లాభం లేదు, మార్పించాల్సిందే. కొన్ని కార్లకు కేబులు ఉండదు, బ్రేకులకు లాగానే ద్రవంతో పనిచేస్తుంది. అలాంటి దాంట్లో పెడలు దగ్గర చెమ్మ కనిపిస్తే గ్రీజు డబ్బా మూసేసి మెకానిక్కును పిలవండి. ఇక జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందకు దూరడం ఎంతటి ధైర్యవంతులకూ తగదు.

ఇదంతా విని నేను పెద్ద మెకానిక్కునైపోయానని అనుకోకండి. ఆరు నెలలకు అదే పెడలు బరువెక్కింది. ఈసారి కిర్రు లేదు, కానీ సాయంత్రానికి ఎడమ మోకాలు లాగేసేది. మళ్లీ మా అమ్మాయిని కూర్చోబెట్టి బానెట్ ఎత్తి చూశాను. లివరు దగ్గర కేబులు పోచలు నాలుగైదు తెగి, చీపురు కొసలా విచ్చుకుని ఉన్నాయి. మిగిలిన పోచలు ఏ నాలుగు రోడ్ల కూడలిలో తెగుతాయో తెలియదు. నన్నడిగితే కేబులు మార్చడం అంత కష్టం కాదు, కానీ మార్చాక పెడలుకు ఉండాల్సిన వదులు సరిగ్గా కుదర్చాలి. వదులు లేకపోతే ప్లేటు జారుతుంది, ఎక్కువైతే గేర్లు పడవు. అత్తయ్యగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఆ ప్రయోగం చెయ్యదలచుకోలేదు. ఆటోనగర్ తీసుకువెళ్లి, మెకానిక్కుతో “కేబులొక్కటే మార్చు బాబూ, పోచలు తెగాయి, చూడు” అని వేలుపెట్టి చూపించాను. అతను వంగి చూసి, “అవునమ్మా, కేబులే” అన్నాడు. గంటలో పని ముగించి, పాత కేబులు నా చేతికిచ్చాడు. మర్నాడు పదింటికల్లా అత్తయ్యగారు వ్యాయామానికి హాజరయ్యారు.