గాయం కాకముందే: పసిపిల్లలు, తల్లులు, ప్రభుత్వం
(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం)

దుర్గాబాయి గారి పేరు మీద మాట్లాడేటప్పుడు పిల్లల గురించి మాట్లాడాలంటే తల్లుల దగ్గరే మొదలుపెట్టాలి. ఆమె పని చేసిన పద్ధతే అది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి మానేసిన ఆడవాళ్లను బనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో మొదలుపెట్టిన కండెన్స్‌డ్ కోర్సులు వితంతువులకు, భర్త వదిలేసిన వాళ్లకు తక్కువ కాలంలో చదువు చెప్పి ఉద్యోగాల దాకా నడిపించాయి. తల్లి తన కాళ్ల మీద నిలబడితే బిడ్డ వీధిన పడదన్న లెక్క అందులో ఉంది. ఆ లెక్క సరైనదేనని తర్వాత వచ్చిన పరిశోధన ఎలా రుజువు చేసిందో, మన ప్రభుత్వ పథకాలు దాన్ని ఎక్కడ మరిచిపోయాయో చెప్పడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

చిన్నప్పటి దెబ్బ పెద్దయ్యాక కూడా మానదని మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. దాన్ని కొలిచి చూపింది మాత్రం 1998లో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా ప్రచురించిన అధ్యయనం. కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థకు పరీక్షల కోసం వచ్చిన వేలాది పెద్దవాళ్లను వాళ్లు బాల్యం గురించి అడిగారు. కొట్టేవారా, లైంగికంగా వేధించారా, తల్లి దెబ్బలు తినడం చూశారా, ఇంట్లో తాగుడు ఉండేదా, ఎవరైనా జైలుకు వెళ్లారా అన్నవి ఆ ప్రశ్నలు. సగానికి పైగా జనం కనీసం ఒక్కదానికైనా అవునన్నారు. నాలుగు, అంతకంటే ఎక్కువ రకాల బాధలు పడినవాళ్లలో తాగుడు, మత్తు అలవాటు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం ఏ బాధా లేనివాళ్లతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించాయి. గుండె జబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు కూడా అదే వరసలో పెరిగాయి. వీళ్లంతా ఆరోగ్య బీమా ఉన్న, ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతి వాళ్లని గుర్తుంచుకోవాలి. అంటే ఇది పేదల ఇళ్లకే పరిమితమైన సమస్య కాదు. మన దేశంలో 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరిస్తే, ముగ్గురిలో ఇద్దరు శారీరక హింస అనుభవించామన్నారు. కొట్టింది ఎక్కువగా తెలియనివాళ్లు కాదు. కుటుంబంలో దెబ్బలు తిన్న పిల్లల్లో చాలామందిని కొట్టింది తల్లిదండ్రులే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ అంకెలను చూపించి, ఫలానా బిడ్డకు ఇన్ని మార్కుల బాధ ఉంది కాబట్టి ఇక బాగుపడడని తీర్పు చెప్పేవాళ్లు ఉన్నారు. అది పొరపాటని, ఆ లెక్క జనాభాకే గానీ ఒక్కొక్క మనిషి జాతకానికి కాదని ఆండాయే 2020లో రాశారు. ఈ అధ్యయనాల అసలు విలువ పిల్లల నొసట రాత రాయడంలో లేదు. ప్రశ్నల్లో ఉన్న ప్రతి బాధా పెద్దవాళ్ల పరిస్థితి నుంచి పుట్టిందేనని చూపడంలో ఉంది. బాధ పడిన తర్వాత బిడ్డకు కౌన్సెలింగ్ ఇవ్వడం తప్పకుండా చేయాల్సిన పనే. కానీ అంతటితో ఆగితే అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పెద్దవాళ్ల పరిస్థితి మారితే పిల్లలు నిజంగా మారతారా? దీనికి చక్కటి జవాబు అనుకోకుండా దొరికింది. అమెరికాలో ఉత్తర కరోలినా పశ్చిమ కొండ ప్రాంతంలో జేన్ కాస్టెల్లో బృందం 1993 నుంచి 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని ఏటా గమనిస్తూ వచ్చింది. వాళ్లలో పావు వంతు చెరోకీ ఆదివాసీ పిల్లలు. అధ్యయనం మధ్యలో ఆ తెగ తమ నేల మీద ఒక కేసినో తెరిచి, లాభంలో వాటాను ప్రతి సభ్యుడికీ ఏడాదికి రెండుసార్లు పంచడం మొదలుపెట్టింది. షరతుల్లేవు, దరఖాస్తుల్లేవు. పేదరికం నుంచి బయటపడిన ఇళ్లలో పిల్లల మొండితనం, కొట్లాటలు, దొంగతనాలు తగ్గి, ఎప్పుడూ పేదరికం చూడని పిల్లల స్థాయికి వచ్చాయి. దిగులు, భయం మాత్రం తగ్గలేదు. కాబట్టి డబ్బు సర్వరోగ నివారిణి అని నేను అనను. అయితే ఆ మార్పు ఎలా వచ్చిందో చూడండి. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక దొరికింది. రెండు పూటలా కూలికి పోయే తల్లికి మనం ఎన్ని నీతులు చెప్పినా రానిది ఆ తీరికే.

చేతికి డబ్బిస్తే తాగి తగలేస్తారన్నది మన దగ్గర వెంటనే వినిపించే అభ్యంతరం. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు డేవిడ్ ఇవాన్స్, అన్నా పోపోవా అనేక దేశాల నగదు బదిలీ పథకాల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిన జాడ కనబడలేదు. ఆ భయం పూర్తిగా గాలి నుంచి పుట్టిందని కూడా నేను అనను. దాన్ని మొదట గొంతెత్తి చెప్పింది మన ఆడవాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. వాళ్లు ప్రభుత్వ సాయం వద్దనలేదు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో సారా అమ్మకండన్నారు. ఈరోజుకీ రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాలకు మద్యం పెద్ద ఆదాయ వనరే. బాల్య రక్షణ గురించి మాట్లాడే ఏ ప్రభుత్వమైనా ఈ పద్దును పక్కన పెట్టి మాట్లాడితే అది సగం మాటే.

డబ్బు తర్వాత కావలసింది ఇంటికి వచ్చే మనిషి. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986–87లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్లను తీసుకుని, కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలను రెండేళ్లపాటు వారం వారం గంటసేపు పంపించారు. వాళ్లు చేసింది గొప్ప వైద్యమేమీ కాదు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, బిడ్డ ఊ కొడితే ఎలా బదులివ్వాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన మిగతావాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. హింసాత్మక ప్రవర్తన తక్కువ. పౌష్టికాహారం మాత్రమే అందిన పిల్లల్లో అంత నిలకడైన ఫలితం రాలేదు. బాలామృతం ప్యాకెట్టు, కోడిగుడ్డు ఇచ్చి అంగన్‌వాడీ బాధ్యత తీరిందనుకునే మనం ఈ తేడాను బాగా పట్టించుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ చేసిన ప్రయోగంలో నర్సులు గర్భం నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా ఇళ్లకు వెళ్లారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే ఆ ఇళ్లలో పిల్లల మీద హింస, నిర్లక్ష్యం నమోదైన ఘటనలు దాదాపు సగానికి తగ్గాయి. ఒక్క మినహాయింపు ఉంది. తల్లి తరచుగా దెబ్బలు తింటున్న ఇళ్లలో నర్సు రాక బిడ్డను కాపాడలేకపోయింది. అంటే గృహహింస చట్టం ఒక దారి, శిశు సంరక్షణ ఇంకో దారి అని విడివిడిగా ఫైళ్లు నడపడం కుదరదు.

ప్రభుత్వం మా ఇంట్లోకి ఎందుకు రావాలని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. ప్రభుత్వం ఇప్పటికే వస్తోంది. కాన్పు తర్వాత 42 రోజుల్లో ఆశా కార్యకర్త కనీసం ఆరుసార్లు ఇంటికి రావాలన్నది నియమం. తర్వాత పదిహేను నెలల వయసు దాకా మరో అయిదుసార్లు. ఆమె బిడ్డ బరువు తూస్తుంది, జ్వరం చూస్తుంది, బొడ్డు ఆరిందా అని చూస్తుంది. నువ్వు నిద్రపోతున్నావా, ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అని బాలింతను అడిగే వీలు ఆమెకు అరుదు. అడిగినా, ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియాలి. అంగన్‌వాడీ టీచరు పూటలో మంచి భాగం పోషణ్ ట్రాకర్ యాప్ నింపడానికే పోతోంది. కొత్త శాఖ అక్కర్లేదు. గుమ్మం దాకా వచ్చిన మనిషికి శిక్షణ, తీరిక, సరైన జీతం ఇస్తే చాలు.

అన్నిటికంటే బరువైన విషయం, బిడ్డను ఇంటి నుంచి తీసేయడం. రొమేనియా నియంత చౌసెస్కు పడిపోయాక అక్కడి అనాథ శరణాలయాల్లో ఉన్న 136 మంది పసివాళ్లపై బుఖారెస్ట్‌లో 2000 ప్రాంతంలో ఒక అధ్యయనం మొదలైంది. సగం మందిని చీటీ వేసినట్టు ఎంచి పెంపుడు కుటుంబాలకు పంపారు. అయిదేళ్ల వయసు దగ్గర పడేసరికి ఆ పిల్లల తెలివితేటల సూచిక సంస్థలో మిగిలిన వాళ్లకంటే సుమారు 8 పాయింట్లు ఎక్కువగా ఉంది. రెండేళ్లలోపు ఇల్లు దొరికినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. తిండి, బట్ట, పడక అందరికీ ఉన్నాయి. ఏడిస్తే ఎత్తుకునే ఒక మనిషి మాత్రం లేడు. మన బాల న్యాయ చట్టం కూడా సంస్థలో చేర్చడం చివరి మార్గమే కావాలంటుంది. అయినా 2020లో జాతీయ బాలల హక్కుల కమిషన్ లెక్క ప్రకారం దేశంలో శిశు సంరక్షణ సంస్థల్లో ఉన్న పిల్లల్లో నూటికి 70 మందికి పైగా ఎనిమిది రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. వాళ్లలో ఎంతోమందికి తల్లో తండ్రో ఉన్నారు. వాళ్లలో చాలామంది అక్కడికి చేరింది ఇంట్లో గడవక.

దీనికి ఎదురుగా గురుకులాలను చూపిస్తారు. 1971లో సర్వేల్ బడితో మొదలైన గురుకులాలు, సాంఘిక సంక్షేమ హాస్టళ్లు దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలకు తెరిచిన దారిని ఎవరూ తక్కువ చేయకూడదు. నేను చేయను. కానీ పదేళ్లు దాటిన పిల్ల చదువు కోసం వెళ్లి, సెలవులకు ఇంటికి వచ్చి, మళ్లీ వెళ్లడం వేరు. మూడేళ్ల వాడిని తల్లి పోషించలేకపోతోందని రాసి హోంలో చేర్చడం వేరు. మొదటిది కుటుంబం ఎంచుకున్న అవకాశం. రెండోది పేదరికానికి వేసిన శిక్ష.

ఆ శిక్ష పడకుండా చూసే పథకం చట్టంలోనే ఉంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ పేరుతో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. తండ్రి చనిపోయిన, తల్లిని వదిలేసిన, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలు అర్హులు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. ఇక కాగితాల సంగతి చూడండి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బడి నుంచి బోనఫైడ్, బ్యాంకు ఖాతా, ఆపైన ఇంటికి వచ్చి రాసే విచారణ నివేదిక, చివరికి కలెక్టరు అధ్యక్షతన కమిటీ ఆమోదం. వితంతువుకు మరణ ధ్రువపత్రమైనా ఉంటుంది. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన ఆమె ఏ కాగితం చూపిస్తుంది? కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు మండలాఫీసుకు తిరుగుతుంది? దొంగ లబ్ధిదారులు చొరబడతారని ఈ తనిఖీలు పెట్టామంటారు. ప్రజాధనానికి కాపలా ఉండాల్సిందే. అయితే ఆ కాపలా ఖర్చు అందరికంటే బలహీనురాలి మీద వేయకూడదు. భర్త వదిలేశాడని అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ సభ్యురాలు కలిసి ధ్రువీకరిస్తే చాలునని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఇల్లు ఎలా నడుస్తోందో ఊళ్లో అందరికంటే వాళ్లకే బాగా తెలుసు.

ఈ సభలో జిల్లా బాలల సంక్షేమ కమిటీల్లో పనిచేస్తున్నవాళ్లు, పనిచేయబోయేవాళ్లు ఉంటే వాళ్లకు నా విన్నపం ఒక్కటే. పేదరికం కారణంగా ఒక బిడ్డను సంస్థకు పంపే ఉత్తర్వు మీద సంతకం చేసే ముందు, ఆ తల్లికి ఏ పథకం కింద ఏ సాయం ఇచ్చి చూశామో, అది ఎందుకు చాలలేదో అదే కాగితం మీద రాయండి. రాయడానికి ఏమీ లేకపోతే సంతకం ఆపండి.