కారు యంత్రముతో గగనయానము

రోడ్డు మీద పోవుచున్న కారు నడిమి దారిలో ఆగిపోయినచో మనము దిగి, మూత యెత్తి చూచి, కాకున్న నలుగురి చేత తోయించుకొని యెట్లో ఇల్లు చేరుదుము. అదే యంత్రము వేయి అడుగుల యెత్తున ఆగిపోయినచో తోయువారెవ్వరు? ఇది తెలిసియుండియు, కారు యంత్రమును స్వయముగా చేసికొన్న విమానమునకు బిగించి యెగిరిన ఒక పల్లెటూరి మెకానిక్కును గూర్చి ఈ పూట ముచ్చటింపదలచినాను.

ఆయన పేరు బెర్నార్డ్ పీటెన్‌పోల్. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమందలి చెర్రీ గ్రోవ్ అను చిన్న గ్రామము ఆయన నివాసము. పనిలో పడి పని నేర్చుకొన్నవాడే గాని కళాశాలలో చదివి ఇంజనీరైనవాడు కాడు. విమానముల కొరకు ప్రత్యేకముగా చేసిన యంత్రముల వెల సామాన్యునకు అందనిది. ఫోర్డు కారు యంత్రము మాత్రము ఊరూర దొరకుచుండెను. మొదట మోడల్-టి యంత్రముతో ప్రయత్నించినాడు గాని దాని బలము 20 గుర్రములు మాత్రమే. 1927 చివర 40 గుర్రముల బలము గల మోడల్-ఎ కారు వెలువడినది. 1929లో ఆ యంత్రముతో ఆయన విమానము ఎగిరినది. దాని పేరు ఎయిర్ క్యాంపర్. కొయ్యతో చేసి గుడ్డ కప్పిన, ఇద్దరు కూర్చుండదగిన విమానము.

ఇందులో ఒక చిక్కున్నది. ఆరున్నర అడుగుల ప్రొపెల్లరును నిమిషమునకు 4,000 చుట్లు త్రిప్పినచో దాని కొనలు ధ్వని కంటె వేగముగా పోవును. అప్పుడు శక్తిలో చాల భాగము హోరుక్రింద పోవునే గాని విమానమును లాగుటకు ఉపకరింపదు. వేగముగా తిరిగి బలము నిచ్చు యంత్రమునకు నడుమ పండ్లచక్రములో బెల్టులో పెట్టి వేగము తగ్గింపవలె. బరువు పెరుగును, చెడిపోవు భాగములును పెరుగును. మోడల్-ఎ యంత్రము 2,200 చుట్లకే తన పూర్తి బలము నిచ్చును. కావున పీటెన్‌పోల్ ప్రొపెల్లరును నేరుగా దానికే బిగించినాడు.

అందుకు యంత్రమును వెనుక ముందులుగా త్రిప్పినాడు. బరువైన ఫ్లైవీలును ఊడదీసి ఆ చోట ప్రొపెల్లరును తగిలించినాడు. కారులో ఆ ఇరుసునకు ముందుకు లాగు భారము లేదు. ఇక్కడ విమానమంతయు దానినే పట్టుకొని పోవలె. కాబట్టి ఆ లాగుడును ఓర్చునట్లు బేరింగును మార్చినాడు. బ్యాటరీ బరువు మాని, తనంతట నిప్పురవ్వ పుట్టించు మాగ్నెటోను అమర్చినాడు. ఇక నీళ్ళ రేడియేటరు! అది యంత్రముపై నిలువుగా, నడుపువాని చూపునకు అడ్డముగా గోడవలె నిలిచినది. చూచుటకు అందముగా లేదని నవ్వినవారు లేకపోలేదు.

కారు యంత్రముతో విమానము సాగదని ఒక యంత్రవిద్యా పత్రిక సంపాదకుడు వెస్టన్ ఫార్మర్ వ్రాసియుండెను. పీటెన్‌పోల్ వాదమునకు దిగలేదు. 1930లో అట్టి విమానములు రెండు మినియాపొలిస్ నగరమునకు ఎగిరివచ్చినవి. ఆ సంపాదకుడే పిమ్మట వాని నమూనా పటములను ప్రచురించినాడు.

అయినను సంపాదకుని అనుమానము నిరాధారమని నేననను. కారు యంత్రము పూర్తి బలముతో పనిచేయునది ఘాట్ రోడ్డు ఎక్కునప్పుడో, మరెప్పుడో. విమానము నేల విడుచునప్పుడు పూర్తి బలమును, ఆ తరువాత గంటల తరబడి ముప్పాతిక బలమును కోరును. విమాన యంత్రములలో సిలిండరు ఒక్కింటికి రెండేసి ప్లగ్గులు, వాటికి రెండు మాగ్నెటోలు ఉండుట పరిపాటి. ఒకటి చెడినను రెండవది ఆదుకొనును. మోడల్-ఎలో ప్లగ్గు ఒక్కటే. కావున నడుపువాడు దిగుటకు తగిన పొలమును సదా కనిపెట్టియుండవలె. విమానము తేలికైనది, మెల్లగా దిగునది యగుట అతనికి కొంత ధైర్యము.

1960 దశకములో పీటెన్‌పోల్ షెవర్లే వారి కోర్వేర్ కారు యంత్రమును తీసికొన్నాడు. ఆరు సిలిండర్లు, గాలి చేతనే చల్లబడునది. రేడియేటరు గోడ తప్పినది. ఆయన 1984లో కన్నుమూసినాడు. మరి ఇరువది యేండ్లకు, కొన్ని కోర్వేర్ విమానములలో క్రాంకు ఇరుసు పగులుట కనబడినది. విమానము ముక్కు త్రిప్పినప్పుడెల్ల తిరుగుచున్న ప్రొపెల్లరు ఇరుసును వంచజూచును. కారులో ఆ బాధ దానికి లేదు. యంత్రములో నాలుగు ప్రధాన బేరింగులే ఉన్నందున, ఇండ్లలో విమానములు కట్టుకొనువారు ప్రొపెల్లరు ప్రక్కన ఐదవ బేరింగు చేర్చి ఎగురనారంభించినారు.